కొట్టాడని రాయండి

ఆ రోజు మేము తిరిగిన ప్రతిచోటా అందరూ ముందు నన్నే చూశారు. ఆసుపత్రిలో చీటీ రాసే అతను, నర్సు, పోలీస్ స్టేషన్లో మహిళా కానిస్టేబుల్, అందరూ. ఎవరికి ఏమైందని అడిగితే మా తమ్ముడికి అని చెప్పేదాన్ని. ఏమైందో చెప్పగానే వాళ్ళ చూపు వాడి మీంచి జారి నా మీదికి వచ్చేసేది. నేను సిగ్గుపడి నా సంగతి తమ్ముడి మీద పెట్టి చెబుతున్నానని వాళ్ళ అనుమానం. నర్సైతే నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కర్టెన్ వెనక్కి తీసుకెళ్ళబోయింది. చాలా మంచి మనిషి. ఆ మంచితనంలో కాస్తంత, పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డవాడికి పంచి ఉంటే నాకు ఇంత ఒళ్ళు మండేది కాదు.

ఇదంతా రాయమన్నది మా తమ్ముడే. పేర్లు మాత్రం వద్దన్నాడు. సిగ్గుపడి కాదు. "పేర్లు పెడితే ఎవరో ఫలానావాడి గొడవ అనుకుని పక్కన పడేస్తారక్కా" అన్నాడు. అందుకని పేర్లు లేవు.

వాడు నాకంటే చాలా చిన్న. నేను పెళ్ళయి, నోయిడాలో ఉద్యోగంలో కుదురుకుని, సొసైటీ గేటు దగ్గర సెక్యూరిటీ భయ్యాతో హిందీలో పోట్లాడేంత ఢిల్లీదాన్ని అయిపోయాక, వాడు పీహెచ్‌డీకి వచ్చాడు. మా ఇంట్లో ఉండరా అంటే యూనివర్సిటీకి దూరమన్నాడు. మునిర్కాలో ఒక మేడ మీద గది తీసుకున్నాడు. ఆ గది చూసిపెట్టింది అన్న.

ఈ అన్న ఎవరో చెప్పాలి. చదువుకోవడానికి ఢిల్లీ వచ్చే తెలుగు కుర్రాళ్ళకి ఎక్కడికక్కడ ఒక అన్న ఉంటాడు. ఉద్యోగ పరీక్షలు రాస్తూ ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండిపోయిన మనిషి. కొత్తగా వచ్చినవాడిని రైల్వే స్టేషన్‌కెళ్ళి తీసుకొస్తాడు, గది చూపిస్తాడు, ఇంటి ఓనరుతో బేరమాడతాడు, వంట కుదిరేదాకా తన గదిలో పప్పన్నం పెడతాడు. చాలామంది అన్నలు నిజంగా బంగారాలు. ఇక్కడ ఎంతమంది పిల్లలు వాళ్ళ పుణ్యాన ఆకలి తెలియకుండా చదువుకున్నారో నాకు తెలుసు. కానీ అన్న అనే ఆ ఒక్క మాట విని ఊళ్ళో తల్లిదండ్రులు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతారే, అక్కడే నాకు కోపం. ఆడపిల్లని ఢిల్లీ పంపాలంటే హాస్టల్ గోడ ఎత్తు దగ్గర్నుంచి వార్డెన్ గుణగణాల దాకా ఆరా తీస్తారు. మగపిల్లాడి విషయానికొచ్చేసరికి "మనవాడే ఉన్నాడంట" అంటే చాలు. మా అమ్మ కూడా అంతే. ఆ అన్న ఇంటిపేరేంటో తెలియకముందే అతనికి సున్నుండలు కట్టి పంపింది.

ఆ వేసవి మునిర్కాలో మేడ మీద గదులు ఉడికిపోయాయి. అన్న గదిలో కూలర్ ఉంది. "అక్కడేం ఉడికిపోతావురా, ఇక్కడ పడుకో" అన్నాడట. ఇలాంటి పిలుపుకి ఏ మగపిల్లాడు అనుమానపడతాడు? ఎవరైనా అనుమానపడమని నేర్పితే కదా. మా తమ్ముడు దిండు చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

లోపల ఏం జరిగిందో నేను ఇక్కడ వివరంగా రాయను. అన్న తలుపు గడియ వేశాడు. బలవంతం చేశాడు. తెల్లారాక అల్లం వేసి టీ పెట్టి మా తమ్ముడి చేతికిచ్చాడు, ఏమీ జరగనట్టు. ఆ టీ తాగేశానక్కా, ఎందుకు తాగానో తెలీదు అని వాడు నాతో ఎన్నోసార్లు అన్నాడు. జరిగినదానికంటే ఆ టీ తాగడమే తన నేరం అన్నట్టు మాట్లాడేవాడు.

వాడు తన గదికి వెళ్ళి స్నానం చేసి, మెట్రో ఎక్కి మా ఇంటికొచ్చాడు. నేను ఆఫీసు మీటింగుకి కూర్చోబోతున్నాను. సోఫాలో కూర్చోరా అంటే నిలబడే ఉన్నాడు. "కూర్చుంటే నొప్పిగా ఉందక్కా" అన్నాడు. ఎక్కడరా, పడ్డావా అని అడిగాను. అప్పుడు చెప్పాడు. నేను లాప్‌టాప్ మూసేసి చెప్పులేసుకున్నాను.

ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు చూశాడు. ముందు కొట్లాటా అన్నాడు. కాదన్నాక, ఫ్రెండ్స్ మధ్య సరదాకి ఏమైనా జరిగిందా అన్నాడు. అదీ కాదని నేను గొంతు పెంచాక, "స్నానం ఎందుకు చేశారు, సాక్ష్యం పోతుందని తెలీదా" అని వాడినే కోప్పడ్డాడు. ఆ మాట ఎవరు చెప్పారు వాడికి, ఎక్కడ రాసిపెట్టారు? ఆడపిల్లలకైనా ఇప్పుడిప్పుడే ఎవరో ఒకరు చెబుతున్నారు. తెర అవతల వార్డుబాయ్‌లు ఇద్దరు ఏదో అనుకుని నవ్వుకున్నారు. ఏమన్నారో వినపడలేదు గానీ ఆ నవ్వు ఎలాంటిదో ఎవరికైనా తెలుస్తుంది. ఆ నవ్వు మన సినిమాల్లో ఉంది, ఆఫీసు క్యాంటీన్లలో ఉంది, మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఉంది. ఆడదానికి జరిగితే కొవ్వొత్తులు, మగాడికి జరిగితే జోకు.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు. అతని మీద నాకు పెద్ద కోపం లేదు. అంతా విని, పెన్ను మూత పెట్టి, "మేడం, ఆద్మీ కే లియే అబ్ సెక్షన్ హీ నహీ హై" అన్నాడు. మగవాడికి ఇప్పుడు సెక్షనే లేదట. నేను నమ్మలేదు. అక్కడే కూర్చుని నాకు తెలిసిన లాయరుకి ఫోన్ చేశాను. నిజమేనని చెప్పింది. పాత చట్టంలో ఒక సెక్షన్ ఉండేది. ఇష్టపడి కలిసిన ఇద్దరు మగవాళ్ళని నేరస్తుల్ని చేసే ముక్కని అందులోంచి కోర్టు తీసేసింది, మంచి పని చేసింది. బలవంతం సంగతి చూసే ముక్క మిగిలింది. చట్టాన్ని కొత్తగా రాసినప్పుడు అదీ పోయింది. మానభంగం అనే నేరం పుస్తకంలో ఉంది గానీ అది ఆడవాళ్ళకే జరుగుతుందని రాసుంది. ఎదిగిన మగవాడి మీద జరిగితే దానికి పేరు లేదు.

"కొట్టాడని రాయండి. గదిలో బంధించాడని రాయండి. దానికి సెక్షన్ ఉంది" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

మా తమ్ముడు నా వైపు చూశాడు. కొట్టాడని రాసి సంతకం పెట్టాడు. బయటికొచ్చాక మెట్ల మీద నిలబడి, "వాడు నన్ను కొట్టలేదక్కా" అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. చెడ్డవాడు కాదు మా ఆయన. మా తమ్ముడంటే ప్రాణం. అయినా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "వాడు జిమ్‌కి వెళ్తాడు కదా, తోసెయ్యలేకపోయాడా?" ఆ పూట ఆయనకి అన్నం పెట్టలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తుచేస్తే చెంపలేసుకుంటాడు గానీ, ఆ క్షణాన అలా ఎందుకన్నాడో ఆయనకీ తెలీదు. మగాడంటే తోసేసేవాడని చిన్నప్పటినుంచీ తలలో కూర్చుంది. తోసెయ్యలేకపోతే మగాడు కాదు. అప్పుడిక వాడికి జరిగినదాని గురించి ఎవరూ బాధపడక్కర్లేదు. ఎంత హాయిగా ఉంది లెక్క.

ఆ తర్వాత కొన్నాళ్ళు నా పనల్లా ఫోన్లు చేయడమే. సాయం చేస్తామని చెప్పే నంబర్లన్నీ తిప్పాను. ఒకచోట ఎత్తిన అమ్మాయి ఎంతో మెత్తగా, "దీదీ, మీరు ఇప్పుడు సేఫ్‌గా ఉన్నారా? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. నాకు కాదమ్మా, మా తమ్ముడికి అన్నాను. అయినా "దీదీ, మీరు భయపడకండి, మీ సంగతే చెప్పండి" అంది. ఇంకోచోట మాది మహిళల కోసం అని చెప్పి పెట్టేశారు. మరోచోట పిల్లలకైతే చూస్తామన్నారు. వాడికి పద్దెనిమిది దాటిపోవడం ఒక నేరమైంది. ఆడవాళ్ళ కోసం కష్టపడుతున్న వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ తలుపులు తెరవడానికి ఎంతమంది ఎన్నేళ్ళు తలలు బాదుకున్నారో ఒక ఆడదానిగా నాకు తెలుసు. ఆ పక్కన ఇంకో తలుపు పెట్టడానికి ఎవరి చెయ్యీ రాలేదన్నదే నా బాధ.

చివరికి ఎవరో చెప్పగా ఒక కౌన్సెలర్ దొరికాడు. యాభై దాటిన మనిషి, పంజాబీ. మగవాళ్ళతోనే పని చేస్తాడు. మొదటిరోజు మా తమ్ముడు అతని ఎదురుగా కూర్చుని హిందీలో మొదలుపెట్టి ఆగిపోయాడు, ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆగిపోయాడు. అప్పుడతను, "ఏ భాషలో చెప్పడం తేలిక?" అని అడిగాడు. తెలుగు అన్నాడు వీడు. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. "అయితే తెలుగులోనే చెప్పు. నేను వింటాను" అన్నాడట.

నేను బయట కుర్చీలో కూర్చున్నాను. లోపల మా తమ్ముడు చాలాసేపు మాట్లాడాడు. అర్థం కాని మనిషికి, మొదటినుంచి చివరిదాకా, తెలుగులో. బయటికొచ్చినప్పుడు మొహం కడుక్కున్నట్టు తడిగా ఉంది. "ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఫోన్ చూడలేదక్కా" అన్నాడు. తర్వాత తర్వాత వాడు హిందీలోనూ చెప్పగలిగాడు. భయంలో ఒళ్ళు కొయ్యబారిపోవడం ఎవరికైనా జరుగుతుందనీ, అది ఒప్పుకోవడం కాదనీ, తెల్లారి టీ తాగడం కూడా అలాంటిదేననీ అతను చెప్పాడు. ఒళ్ళు తనంతట తాను ఎలా స్పందించినా అది ఇష్టం కిందికి రాదని కూడా చెప్పాడు. ఈ రెండు మూడు మాటలు ఏ కాలేజీలోనో గోడ మీద రాసి ఉంటే ఏం పోయేది?

ఇంతలో ఢిల్లీలోనే ఉన్న ద్వారకా కాలనీ నుంచి ఫోన్. చేసినాయన కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఆఫీసరు. ఢిల్లీలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ తగువొచ్చినా ఆయన దగ్గరికే వెళ్తుంది. మేము అంకుల్ అంటాం. "ఆదివారం మీ తమ్ముడిని తీసుకుని భోజనానికి రా అమ్మా. ఇది పోలీసుల దాకా వెళ్ళాల్సిన సంగతి కాదు. మనలో మనం మాట్లాడుకుందాం" అన్నారు. సంగతేమిటంటే, అన్నకి ఎన్నో ఏళ్ళ తర్వాత ఉద్యోగం వచ్చింది. సర్కారీ ఉద్యోగం. చేరేముందు పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. మేమిచ్చిన కంప్లయింటు అందులో తగులుతుంది.

నేను రామని చెప్పేదాన్నే. మా తమ్ముడే వెళ్దామన్నాడు. "వాడేం చెప్తాడో వినాలక్కా" అన్నాడు.

వెళ్ళేసరికి అన్న అక్కడే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తల నున్నగా దువ్వుకుని, నన్ను చూసి లేచి నిలబడి "నమస్తే అక్కా" అన్నాడు. అక్క అట. ఆ పిలుపు విన్నప్పుడు నా చేతిలో హ్యాండ్‌బ్యాగ్ తప్ప ఏమీ లేకపోవడం అతని అదృష్టం. ఆంటీ వంకాయ కూర, పప్పుచారు, గడ్డపెరుగు అన్నీ బల్ల మీద సర్దారు. అంకుల్ వాళ్ళిద్దరినీ పక్కపక్కన కూర్చోమన్నారు. మా తమ్ముడు కదల్లేదు. నా పక్కన కూర్చున్నాడు.

"చూడు నాయనా" అని మొదలుపెట్టారు అంకుల్, అన్నం కలుపుకుంటూ. "జరిగిందేదో జరిగింది. మనమంతా పొట్ట చేతపట్టుకుని ఇంత దూరం వచ్చినవాళ్ళం. వాడు సారీ చెప్తాడు. నువ్వు ఆ కంప్లయింటు వెనక్కి తీసుకో. ఒక కుర్రాడి జీవితం ఆలోచించు."

"ఏ కుర్రాడి జీవితం అంకుల్?" అన్నాను నేను.

"నువ్వు కాస్త ఆగమ్మా."

అన్న తల వంచుకుని, "సారీ రా. తప్పు జరిగిపోయింది" అన్నాడు.

"ఏ తప్పు?" అన్నాడు మా తమ్ముడు.

అన్న తల ఎత్తలేదు. మా తమ్ముడు అంకుల్ వైపు తిరిగాడు. "సారీ వద్దంకుల్. ఏం చేశాడో చెప్పమనండి. ఇక్కడ, ఆంటీ ముందు. చెప్తే నేను ఆలోచిస్తాను."

అన్న గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరం తాగున్నాం..." అన్నాడు.

"నేను తాగను. నీకు తెలుసు."

"అదే... ఏదో ఆ టైంలో..."

"ఏదో అంటే?"

అన్న నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. అది ఖాళీ అయ్యేదాకా తాగాడు. చేసేటప్పుడు రాని సిగ్గు చెప్పమనేసరికి వచ్చింది. మా తమ్ముడు ఇంకాసేపు చూసి, తనే చెప్పాడు. ఆ కౌన్సెలర్‌కి చెప్పినట్టే కాబోలు, మొదటినుంచి చివరిదాకా. కూలర్, తలుపు గడియ, తర్వాత జరిగినదంతా. దేన్నీ ఏదో అని దాటెయ్యలేదు. ఒళ్ళు ఒళ్ళనే అన్నాడు, రక్తం రక్తమనే అన్నాడు. నేను కూడా అంతా వినడం అదే మొదటిసారి.

ముందు నోరు తెరిచింది అంకులే. "భోజనాల దగ్గర, ఆడవాళ్ళ ముందు, ఏం మాటలివి?" అన్నారు. అన్నది మా తమ్ముడిని. చేసినవాడు పప్పుచారు ముందు పెట్టుకుని కూర్చున్నాడు, మర్యాద తప్పినవాడు చెప్పినవాడైపోయాడు. తర్వాత ఆంటీ వైపు చూసి, "నువ్వు లోపలికెళ్ళు" అన్నారు.

ఆంటీ వెళ్ళలేదు. గరిటె బల్ల మీద పెట్టి, మా తమ్ముడి పక్కన ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇప్పుడెలా ఉంది నాయనా? నొప్పి తగ్గిందా?" అన్నారు. డాక్టరు అడగలేదు. పోలీసు అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ అందరితో పోట్లాడే హడావుడిలో అడగనేలేదు. తగ్గిందాంటీ అన్నాడు వాడు, చిన్నపిల్లాడిలా తల ఊపుతూ.

మేము భోజనం చేయకుండానే లేచాం. గుమ్మం దాకా వచ్చి అంకుల్ నాతో, "ఇంత పంతం మంచిది కాదమ్మా, రేపు ఇది బయటపడితే మీ తమ్ముడికే పెళ్ళి కాదు" అన్నారు. "కాకపోతే మాకు పెళ్ళి భోజనాల ఖర్చు మిగుల్తుంది లెండి" అన్నాను. ఇంకా చాలా అనాల్సింది. లిఫ్ట్ వచ్చేసింది.

మర్నాడు నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. ఇద్దరం మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళాం. అదే హెడ్ కానిస్టేబుల్. మమ్మల్ని చూడగానే, "సమ్‌ఝౌతా హో గయా?" అన్నాడు. రాజీ కుదిరిందా అని. అంకుల్ ఆయన పద్ధతిలో ఆయన ముందే ఒక ఫోన్ కొట్టించినట్టున్నారు.

"లేదు. నా స్టేట్‌మెంట్ మళ్ళీ రాసుకోండి" అన్నాడు మా తమ్ముడు హిందీలో. "కొట్టాడని రాశాం కదా, అతను కొట్టలేదు."

"భాయ్, చెప్పాను కదా, దానికి సెక్షన్ పడదు."

"పడకపోతే పడకపోనీ. జరిగింది రాయండి."

నేను నోరు తెరవబోయాను. వాడు బల్ల కింద నా మణికట్టు పట్టుకుని ఆపాడు. హెడ్ కానిస్టేబుల్ కాసేపు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఈసారి అతని చూపు చివరికి వాడి మీదే నిలిచింది. కొత్త కాగితం తీసుకున్నాడు. మా తమ్ముడు చెబుతూ పోయాడు, అతను రాస్తూ పోయాడు. మధ్యలో ఒకటి రెండు చోట్ల అతని పెన్ను ఆగింది. వీడు ఆగలేదు.

అంతా అయ్యాక అతను పైకి చదివి వినిపించాడు. పక్క బల్లల దగ్గర మాటలు తగ్గిపోయాయి. గది, గడియ, బలవంతం, రక్తం అన్నీ ఉన్నాయి. కాగితం ఇటు తిప్పి సంతకానికి పెన్ను ఇచ్చాడు.

మా తమ్ముడు పెన్ను అందుకోలేదు.

"ఒకటి వదిలేశారు" అన్నాడు. "మైనే మనా కియా థా. నేను వద్దన్నాను. అది కూడా రాయండి."